తుపాను కాలంలో క్రూజ్ ప్రయాణం: రద్దు బీమాను ఎంచుకోవడం, చదవడం, క్లెయిమ్ చేయడం

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి క్రూజ్ టికెట్లు కొంటున్న పాఠకులు కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తుపాను వచ్చి ప్రయాణం చెడిపోతే, కట్టిన డబ్బు బీమా కంపెనీ ఇస్తుందా?

దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పడం సాధ్యం కాదు. తుపాను వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. తుపాను వల్ల ఏది ఆగిపోయింది, అలా ఆగడాన్ని పాలసీ ఒక కారణంగా ఒప్పుకున్నదా, ఆ తుపాను సంగతి నలుగురికీ తెలియక ముందే మీరు పాలసీ కొన్నారా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే విషయం తేలుతుంది. ఈ మార్గదర్శి ఆ మూడు ప్రశ్నలను పట్టుకునే సాగుతుంది. కంపెనీని బట్టి షరతులు మారతాయి కనుక ఇక్కడ చెప్పినదాన్ని మీ పాలసీ పత్రంతో పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే పత్రంలో ఉన్నదే చెల్లుతుంది.

## 1. మీ ప్రయాణానికి ఏ తరహా పాలసీ కావాలి

పాలసీ కొనేముందు ప్రయాణం ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి.

భారత రేవుల మధ్య తిరిగే ఓడ. చెన్నై నుంచి బయలుదేరి విశాఖపట్నం వంటి మన రేవులకే వెళ్లే ప్రయాణానికి విదేశీ ప్రయాణ బీమా వర్తించదు. దేశీయ ప్రయాణ బీమా తీసుకోవాలి. అందులో సముద్ర ప్రయాణం, ప్రయాణ రద్దు రెండూ ఉన్నాయో లేదో విడివిడిగా అడగాలి.

విదేశీ రేవును తాకే ఓడ, లేదా విమానంలో సింగపూర్, దుబాయ్, ఐరోపా చేరి ఎక్కే ఓడ. దీనికి విదేశీ ప్రయాణ బీమా కావాలి. షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) కోసం తీసుకునే 30,000 యూరోల బీమా ప్రధానంగా వైద్య ఖర్చులకు ఉద్దేశించినది. వీసాకు సరిపోయినంత మాత్రాన ఆ పాలసీ ఓడ డబ్బును కాపాడుతుందని అనుకోకూడదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి అక్కడి నుంచి చేసే క్రూజ్. మన జిల్లాల తల్లిదండ్రులు ఎక్కువగా ఇబ్బంది పడగలిగేది ఇక్కడే. అమ్మానాన్నల కోసం పిల్లలు కొనే సందర్శకుల బీమా సాధారణంగా వైద్య బీమా మాత్రమే. మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో బయలుదేరే ఓడ టికెట్టు డబ్బుకు అందులో రక్షణ ఉండదు, ఉన్నా నామమాత్రంగా ఉంటుంది. ఓడ ప్రయాణానికి వేరే పాలసీ అవసరం. అమెరికా నివాసి కానివారు ఆ పాలసీకి అర్హులా కారా అన్నది కొనేముందే కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.

## 2. ఏది ఆగింది అన్న ప్రశ్న

క్లెయిమ్ ఫలితం చాలావరకు ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది. తుపాను ఒక్కటే అయినా నష్టం నాలుగు దారుల్లో రావచ్చు. ఆ నాలుగింటికీ నాలుగు వేర్వేరు జవాబులున్నాయి.

ఓడ ఆగింది. క్రూజ్ కంపెనీ తానుగా ప్రయాణాన్ని రద్దు చేస్తే ఓడ డబ్బు తిరిగి ఇవ్వవలసింది ముందుగా ఆ కంపెనీయే. నగదు ఇస్తుందా, మరో ప్రయాణానికి వాడుకునే క్రెడిట్ ఇస్తుందా అన్నది దాని ఒప్పంద పత్రంలో ఉంటుంది. క్రూజ్ కంపెనీ తిరిగి ఇచ్చిన మొత్తాన్ని బీమా కంపెనీ మళ్లీ చెల్లించదు. క్రెడిట్ ఒప్పుకోవడాన్ని కూడా పరిహారం అందినట్టుగా లెక్కించే పాలసీలున్నాయి కాబట్టి, క్రెడిట్‌కు సరే అనేముందు మీ క్లెయిమ్ మీద దాని ప్రభావం ఏమిటో బీమా కంపెనీని మెయిల్‌లో అడగండి. ఇక మిగిలేవి విమాన టికెట్లు, హోటల్ ఖర్చు. రద్దు రక్షణ అవసరం ఇక్కడ పడుతుంది.

దారి మారింది. వాతావరణం కారణంగా ఒక రేవును వదిలేసే హక్కు, ఒక దాని బదులు మరో రేవుకు వెళ్లే హక్కు ఓడ ఒప్పందాలన్నింటిలోనూ దాదాపుగా కంపెనీకే ఉంటుంది. ఆగని రేవుకు సంబంధించిన రుసుములు వెనక్కి రావచ్చు, అంతకు మించి ఆశించలేము. వదిలేసిన ఒక్కో రేవుకు నిర్ణీత మొత్తం ఇచ్చే క్రూజ్ అనుబంధ రక్షణ కొన్ని పాలసీల్లో దొరుకుతుంది. అది లేనివారికి ఈ నష్టం ఎవరూ పూడ్చనిదే.

ఓడ వెళ్లింది, మీరు చేరలేకపోయారు. మన ప్రాంతం వారికి అసలు ప్రమాదం ఇదేనని నా గట్టి అభిప్రాయం. తుపాను కేంద్రానికి దూరంగా ఓడ మరో దారిలో వెళ్లగలదు. నెల్లూరు నుంచి చెన్నైకి వెళ్లవలసిన మనకు మాత్రం ఒకే జాతీయ రహదారి, ఒకే ప్రధాన రైలు మార్గం ఉన్నాయి, రెండూ పక్కపక్కనే తీరం వెంబడి సాగుతాయి. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కూడా తెగింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. అలాంటి రోజున సింగపూర్‌లో ఎండ కాస్తూ ఉండవచ్చు, మీ ఓడ నిర్ణీత సమయానికి బయలుదేరనూ వచ్చు. క్రూజ్ కంపెనీ దృష్టిలో మీరు ఓడ దగ్గరకు రాని ప్రయాణికుడు, అంతే. పైసా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత దానికి లేదు.

ఈ నష్టాన్ని పూడ్చేది బీమా ఒక్కటే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ప్రయాణాన్ని అడ్డుకున్న వాహనం 'కామన్ క్యారియర్' అయి ఉండాలని, అంటే టికెట్టు కొని అందరూ ఎక్కే రైలు, బస్సు, విమానం వంటిది అయి ఉండాలని చాలా పాలసీలు చెబుతాయి. సొంత కారులో బయలుదేరి గూడూరు దగ్గర నీళ్లలో నిలిచిపోతే ఆ నిర్వచనం వర్తించదు. మాట్లాడుకున్న టాక్సీ విషయమూ చాలా సందర్భాల్లో అంతే. రైలు టికెట్టు చేతిలో ఉండి, ఆ రైలును రైల్వే రద్దు చేసి ఉంటే అదే నష్టానికి దారి తెరుచుకుంటుంది.

మీరే ఆగారు. మీకో, దగ్గరి కుటుంబ సభ్యులకో తీవ్ర అనారోగ్యం, ఆసుపత్రిలో చేరిక, మరణం వంటివి రద్దు రక్షణలో సాధారణంగా ఉండే కారణాలు. తుపానుకు మీ ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోవడాన్ని కూడా కొన్ని పాలసీలు చేరుస్తాయి. కానీ టీవీలో హెచ్చరిక చూసి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుందన్న భయంతో మానుకుంటే దానికి చెల్లింపు ఉండదు. భయం సహేతుకమైనదే కావచ్చు. పాలసీ దృష్టిలో మాత్రం అది మనసు మార్చుకోవడమే అవుతుంది.

## 3. పాలసీ చూసేముందు నష్టం లెక్క వేయండి

ఎంత మొత్తానికి రక్షణ కావాలో తెలియకుండా పాలసీలను పోల్చడం వల్ల ఉపయోగం లేదు. ముందుగా ఈ కాగితాలు దగ్గర పెట్టుకోండి.

- క్రూజ్ ఒప్పంద పత్రం, అందులో ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత శాతం కోత పడుతుందో చెప్పే పట్టిక
- విమాన టికెట్ల రద్దు నిబంధనలు
- హోటల్, వీసా, రేవుల్లో ముందే కొన్న విహారాల రసీదులు
- ఒక్కో చెల్లింపు తేదీ. ముఖ్యంగా తొలి అడ్వాన్సు కట్టిన తేదీ

తరువాత, ప్రయాణానికి 20 రోజుల ముందు మానుకోవలసి వస్తే మీకు తిరిగి రాని మొత్తం ఎంత అన్నది రాసుకోండి. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. కావలి దంపతులు సింగపూర్ క్రూజ్‌కు 1,60,000 రూపాయలు, విమానానికి 70,000, వీసాలకు 10,000 కట్టారనుకుందాం. 20 రోజుల ముందు భర్త ఆసుపత్రిలో చేరారు. క్రూజ్ కంపెనీ సగం, అంటే 80,000 కోత వేసింది. విమాన సంస్థ 20,000 తిరిగి ఇచ్చింది, 50,000 పోయింది. వీసా రుసుమును చాలా పాలసీలు పరిగణించవు. కాబట్టి క్లెయిమ్ చేయదగిన నష్టం 1,30,000.

పాలసీలో రద్దు పరిమితి మనిషికి 1,000 డాలర్లు, డిడక్టిబుల్, అంటే నష్టంలో మనమే భరించవలసిన భాగం, మనిషికి 50 డాలర్లు అనుకుందాం. లెక్క సులువు కోసం డాలరును 85 రూపాయలుగా తీసుకుంటే, పరిమితి ఇద్దరికీ కలిపి 1,70,000, మనం భరించవలసిన డిడక్టిబుల్ 8,500. అందవలసినది 1,21,500. ఇదే పాలసీలో పరిమితి 500 డాలర్లే అయి ఉంటే 85,000 దాటి ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు.

కవరు మీద పెద్ద అక్షరాలతో కనిపించే 1,00,000 డాలర్లో 2,50,000 డాలర్లో వైద్య ఖర్చుల పరిమితి. రద్దు పరిమితి లోపలి పట్టికలో వేరే వరుసలో ఉంటుంది, చాలా చిన్నదిగా ఉంటుంది. ఏజెంటును అడగవలసిన మొదటి అంకె అదే.

## 4. పాలసీ వర్డింగ్‌ను చదివే క్రమం

ప్రచార పత్రం పక్కన పెట్టి, కంపెనీ వెబ్‌సైటులో ఉండే పూర్తి పాలసీ వర్డింగ్ తెప్పించుకోండి. మొదటి పుట నుంచి చివరిదాకా చదవాలని కూర్చుంటే అలసట వస్తుంది. ఈ క్రమంలో చదివితే గంటలోపు పని పూర్తవుతుంది.

మొదట నిర్వచనాలు. 'కామన్ క్యారియర్', 'ప్రకృతి వైపరీత్యం', 'కుటుంబ సభ్యులు', 'ముందునుంచి ఉన్న వ్యాధి' అన్న నాలుగు పదాలు చూడండి. కుటుంబ సభ్యుల నిర్వచనంలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు ఉండి అత్తమామలు లేకపోవచ్చు. మామగారు ఆసుపత్రిలో ఉంటే ప్రయాణం మానుకోవడం మన ఇళ్లలో సహజం. పాలసీకి ఆ బంధుత్వం పట్టకపోతే క్లెయిమ్ నిలవదు. తల్లిదండ్రులకు షుగరు, బీపీ ఉంటే వాటి ప్రస్తావన ఎలా ఉందో, వయసు పరిమితి ఎంతో ఇక్కడే తెలుస్తుంది.

రెండోది రద్దుకు అంగీకరించే కారణాల జాబితా. వాతావరణం గురించిన వాక్యాన్ని గుర్తు పెట్టుకుని రెండుసార్లు చదవండి. 'వాతావరణం వల్ల రవాణా సేవలు పూర్తిగా నిలిచిపోతే' అని ఉంటే కొద్ది గంటల ఆలస్యం చాలదు. 'ఇన్ని గంటలకు మించి' అని ఉంటే ఆ గంటల సంఖ్య రాసుకోండి. 'గమ్యస్థానంలో' అని మాత్రమే ఉంటే నెల్లూరులోనో చెన్నైలోనో వచ్చిన వరద లెక్కలోకి రాకపోవచ్చు. 'బయలుదేరే చోటు' అన్న మాట కూడా ఉందా అని వెతకండి.

మూడోది మినహాయింపులు, చివరిది పరిమితుల పట్టిక. పట్టికలో నాలుగు వరుసలు ముఖ్యం. 'ట్రిప్ క్యాన్సలేషన్' బయలుదేరక ముందు జరిగే రద్దుకు. 'ట్రిప్ ఇంటరప్షన్' మధ్యలో ఆపి తిరిగి రావలసి వస్తే. 'ట్రిప్ డిలే' ఆలస్యానికి. 'మిస్డ్ కనెక్షన్' ఒక వాహనం ఆలస్యమై తరువాతిది అందకపోతే. మిస్డ్ కనెక్షన్‌లో ఓడను కూడా లెక్కిస్తారా, విమానాన్ని మాత్రమేనా అన్నది తప్పక అడగండి.

తిరుగు ప్రయాణాన్నీ మరచిపోకూడదు. తుపాను తప్పించుకోవడానికి ఓడ ఒకటి రెండు రోజులు సముద్రంలోనే ఉండిపోతే పాలసీ గడువు దాటవచ్చు. అలాంటప్పుడు గడువు దానంతట అదే పెరుగుతుందా, ఎన్ని రోజులు పెరుగుతుందన్నది పత్రంలో చూసుకోవాలి.

## 5. ఎప్పుడు కొనాలి

తొలి అడ్వాన్సు కట్టిన రోజునే, లేదా ఆ వారంలోనే కొనండి. దీనికి గట్టి కారణముంది.

కొనే సమయానికి తెలిసి ఉన్న పరిస్థితి వల్ల కలిగిన నష్టానికి బీమా వర్తించదు. అమెరికా పాలసీల్లో తుపానుకు పేరు పెట్టిన రోజును ఈ 'తెలిసి ఉండటానికి' గీతగా తీసుకోవడం సాధారణం. మన పాలసీల్లో మాటలు మరింత విస్తృతంగా ఉంటాయి కాబట్టి, అంతకంటే ముందు దశనే గీతగా భావించడం మేలు.

బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి వాయుగుండంగా, తీవ్ర వాయుగుండంగా మారుతుంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరాకే తుపానుగా గుర్తించి, ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ 13 దేశాలు ఇచ్చిన జాబితా నుంచి దానికి పేరు పెడుతుంది. మిగ్‌జాం విషయంలో 2023 డిసెంబరు 3న పేరు వచ్చింది, 4న చెన్నై విమానాశ్రయం మూతపడింది, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. పేరు పెట్టిన రోజుకూ విమానాలు ఆగిన రోజుకూ మధ్య ఒక్క రోజే తేడా. అల్పపీడనం అన్న మాట అంతకు కొద్ది రోజుల ముందు నుంచే పత్రికల్లో ఉంది. ఆ వార్తలు చూసి పాలసీ కొన్నవారు క్లెయిమ్ పెడితే, కంపెనీ మొదట చూసేది ఏ రోజు ఏ గంటకు ప్రీమియం కట్టారన్నదే.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవన కాలం, తుపాన్ల కాలం. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అక్టోబరు, నవంబరు నెలల్లో నెల్లూరు నుంచి బయలుదేరి ఫ్లోరిడాలో ఓడ ఎక్కేవారికి రెండు కాలాలూ ఒకేసారి తగులుతాయి.

అమెరికాలో ఉన్న పిల్లలు తమ టికెట్లకు బీమా కొంటుంటే, 'ఏ కారణానికైనా రద్దు' అనే అదనపు రక్షణ గురించి అడగవచ్చు. తుపాను భయంతో మానుకున్నా డబ్బు ఇచ్చేది అదొక్కటే. పూర్తి మొత్తం రాదు, సాధారణంగా 50 నుంచి 75 శాతం వరకు వస్తుంది. తొలి చెల్లింపు తరువాత రెండు మూడు వారాల్లోపే కొనాలి, మొత్తం ఖర్చుకు బీమా చేయాలి, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేయాలి అన్న షరతులు మామూలుగా ఉంటాయి. ప్రీమియం గణనీయంగా పెరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు ప్రయాణాలకు ఆ ఖర్చు సమంజసమేనని నేను అనుకుంటాను. ఫిబ్రవరి ప్రయాణానికి తుపాను కోసం దాన్ని కొనవలసిన పని లేదు.

క్రూజ్ కంపెనీయే టికెట్టుతో పాటు అమ్మే రక్షణ ప్లాన్ గురించీ ఒక మాట. అందులో కొంత భాగం బీమా కాకుండా కంపెనీ ఇచ్చే హామీ మాత్రమే కావచ్చు, నగదుకు బదులు భవిష్యత్ ప్రయాణ క్రెడిట్ రావచ్చు. మీరు విడిగా కొన్న విమాన టికెట్లు దాని పరిధిలో ఉండకపోవచ్చు.

## 6. చెన్నై చేరే ఏర్పాటు

బీమా ఎంత మంచిదైనా ఓడ ఎక్కించదు. క్లెయిమ్ నిలబడేందుకూ, అసలు క్లెయిమ్ అవసరం రాకుండా ఉండేందుకూ ఈ ఏర్పాట్లు తోడ్పడతాయి.

1. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఓడ లేదా విమానం చెన్నై నుంచి అయితే రెండు రాత్రులు ముందుగా చేరండి. మిగతా నెలల్లో ఒక రాత్రి చాలు.
2. కారులో వెళ్లాలని ఉన్నా రైలు టికెట్టో ఆర్టీసీ బస్సు టికెట్టో తీసుకుని దానిలోనే వెళ్లండి. నష్టం వస్తే చూపించడానికి అది ఆధారం.
3. విమానం దిగిన రోజునే ఓడ ఎక్కేలా టికెట్లు కొనకండి. విమానానికీ ఓడకూ మధ్య ఉండవలసిన కనీస గంటలను కొన్ని పాలసీలు నిర్దేశిస్తాయి, అంతకంటే తక్కువ ఉంటే మిస్డ్ కనెక్షన్ చెల్లదు.
4. ఒంగోలు వారు విజయవాడ విమానాశ్రయం నుంచి, నెల్లూరు వారు రేణిగుంట నుంచి వెళ్లే ప్రత్యామ్నాయాన్ని ముందే చూసి పెట్టుకోండి. తీరం వెంట దారి తెగినప్పుడు ఇవి ఉపయోగపడవచ్చు.

## 7. తుపాను కబురు వచ్చిన తరువాత

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ రెండు మూడు రోజుల్లోనే. కంగారులో చేసే ఒక్క ఫోను వేల రూపాయల తేడా తెస్తుంది.

ముందుగా మీరు రద్దు చేయకండి. ఓడ సంస్థ రేపు తానే రద్దు చేసి పూర్తి డబ్బు ఇవ్వబోతుండవచ్చు. ఈ రోజు మీరే రద్దు చేసుకుంటే అది మీ సొంత నిర్ణయంగా నమోదై కోత పట్టిక అమలవుతుంది. విమానం విషయంలోనూ అంతే. విమాన సంస్థ రద్దు చేస్తే తిరిగి డబ్బో మరో విమానమో ఇవ్వాలని మన పౌర విమానయాన నిబంధనలు చెబుతున్నాయి. వాతావరణం వల్ల ఆగినప్పుడు ఆపైన పరిహారం మాత్రం ఇవ్వనక్కరలేదు.

దీనికి ఒకే మినహాయింపు ఉంది. రద్దుకు కారణం అనారోగ్యం అయితే ఆలస్యం చేయకూడదు. ప్రయాణం సాధ్యం కాదని డాక్టరు చెప్పిన రోజునే రద్దు చేయాలి. ఎదురుచూడటం వల్ల పెరిగిన కోతను బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

72 గంటల ముందు. వాతావరణ శాఖ తొలి హెచ్చరిక ఈ సమయానికి వస్తుంది. క్రూజ్ కంపెనీకి, విమాన సంస్థకు మీ ఫోను నంబరు, మెయిలు సరిగ్గా చేరాయో చూసుకోండి. బీమా కంపెనీ సహాయ కేంద్రానికి మెయిలు పంపి, మీ పాలసీ నంబరు, ప్రయాణ తేదీ తెలిపి, ఏం చేయాలో రాతలో అడగండి. వీలైతే ఆ రోజే చెన్నైకి బయలుదేరండి.

48 నుంచి 24 గంటల ముందు. రైళ్ల రద్దు ప్రకటనలు వచ్చేది సాధారణంగా ఈ సమయంలోనే. రైల్వే రద్దు చేసిన రైలుకు టికెట్టు డబ్బు పూర్తిగా వస్తుంది. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోతే, అది మీ స్టేషను నుంచి బయలుదేరక ముందే టీడీఆర్ (టికెట్టు డబ్బు వాపసు కోరుతూ రైల్వేకు పెట్టే దరఖాస్తు) దాఖలు చేయాలి. రద్దు ప్రకటన తెర మీద కనిపించినప్పుడే తేదీ, సమయం కనబడేలా ఫొటో తీసి ఉంచండి, ఎందుకంటే మరునాటికి ఆ పేజీ ఉండకపోవచ్చు.

చేరలేమని తేలిపోయినప్పుడు. ఓడ బయలుదేరే సమయానికి ముందే క్రూజ్ కంపెనీకి మెయిలు పంపండి. తరువాతి రేవులో ఎక్కే అవకాశం ఉందా అని అడగండి. కొన్ని పాలసీలు అక్కడికి చేరే ఖర్చును ఇస్తాయి. అయితే దేశం మారితే వీసా, కొన్ని దారుల్లో ఓడ నిబంధనలు అడ్డురావచ్చు కాబట్టి అనుమతి అందిన తరువాతే టికెట్టు కొనాలి.

కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారన్న వార్త గానీ, జిల్లాకు రెడ్ అలర్ట్ ఇచ్చారన్న సమాచారం గానీ ఒంటరిగా క్లెయిమ్‌కు కారణం కావు. రవాణా ఆగినట్టు చూపే పత్రానికి తోడుగా మాత్రం అవి బలాన్నిస్తాయి. కత్తిరించి దాచండి.

## 8. క్లెయిమ్ ఫైలు

సమాచారం ఎన్ని గంటల్లో ఇవ్వాలో, పత్రాలు ఎన్ని రోజుల్లో పంపాలో పాలసీలో ఉంటుంది. వాటిని ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. ఫైలులో ఇవి ఉండాలి:

- పాలసీ, ప్రీమియం కట్టిన రసీదు. తేదీ, సమయం కనిపించాలి
- క్రూజ్ కంపెనీ రద్దు లేదా మార్పు లేఖ. మీరు రద్దు చేసి ఉంటే ఎంత కోసి ఎంత తిరిగి ఇచ్చారో చూపే పత్రం
- విమాన సంస్థ లేదా రైల్వే ఇచ్చిన రద్దు, ఆలస్య ధ్రువీకరణ. అందులో కారణం వాతావరణమని ఉండాలి
- వాడని టికెట్లు, చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంటు
- అనారోగ్యమైతే ప్రయాణానికి వీలుకాదని డాక్టరు రాసిన పత్రం, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ
- వాతావరణ శాఖ ఆ రోజుల బులెటిన్లు, పత్రికల కత్తిరింపులు
- అదనంగా పెట్టిన హోటల్, భోజనం బిల్లులు

విమాన సంస్థ పంపే సందేశంలో తరచుగా 'నిర్వహణ కారణాలు' అని ఉంటుంది. వాతావరణం అన్న మాట లేకపోతే క్లెయిమ్ అక్కడే చిక్కుపడుతుంది. కారణం స్పష్టంగా రాసిన ధ్రువపత్రాన్ని ఆ వారంలోనే వారి కస్టమర్ కేంద్రం నుంచి అడిగి తీసుకోండి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ఓడకు బీమా చేసి విమానాన్ని వదిలేయడం. బీమా చేయవలసిన మొత్తంలో తిరిగి రాని ఖర్చులన్నీ చేర్చండి. తరువాత కొత్త టికెట్లు కొంటే పాలసీలో మొత్తం పెంచమని కోరండి.

ఒకరి పేరు మీద పాలసీ, మరొకరి కార్డు మీద చెల్లింపు. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు కట్టి తల్లిదండ్రుల పేరు మీద క్లెయిమ్ పెడితే నష్టం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. చెల్లింపు వారి తరఫున జరిగిందని చూపే రసీదును బుకింగ్ సమయంలోనే వారి పేరు మీద తీసుకోండి.

జబ్బులు దాచడం. ప్రీమియం తగ్గుతుందని చెప్పకుండా వదిలిన షుగరు, తరువాత ఆసుపత్రి కాగితంలో మొదటి వరుసలోనే కనిపిస్తుంది. ప్రపోజల్ ఫారంలో అన్నీ రాయించి, ఏజెంటు నింపిన ఫారం నకలు తీసుకోండి.

కార్డుతో ఉచిత బీమా ఉందని ఊరుకోవడం. క్రెడిట్ కార్డుతో వచ్చే బీమా ప్రమాద మరణానికో సామాను పోవడానికో పరిమితమై ఉండవచ్చు. రద్దు రక్షణ ఉందని రాతలో చూడందే దాని మీద ఆధారపడకండి.

## 10. తిరస్కరిస్తే

తిరస్కరణ లేఖలో ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో ఉండాలి, లేకపోతే అడగండి. ఆ నిబంధనను మీ పాలసీలో చదివి, మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే 'బీమా భరోసా' పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు ఇచ్చే అధికారిని, ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు తీసుకుంటారు, తిరస్కరణ అందిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. ఇచ్చే తీర్పు కంపెనీ పాటించి తీరాలి.

ఈ మార్గం కాకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఒకే వివాదాన్ని రెండు చోట్లా ఒకేసారి నడపలేరు కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లడం ఖర్చు లేని దారి. అమెరికాలో కొన్న పాలసీకి మాత్రం ఇవేవీ వర్తించవు. ఆ పాలసీ జారీ అయిన రాష్ట్రంలోని బీమా శాఖకు ఫిర్యాదు చేయాలి, కాబట్టి ఆ పని అక్కడ ఉన్న పిల్లలకు అప్పగించి, ఇక్కడి రైల్వే, విమాన, ఆసుపత్రి పత్రాలన్నీ స్కాన్ చేసి వారికి పంపండి. ఆసుపత్రి పత్రాలు తెలుగులో ఉంటే ఆంగ్ల అనువాదాన్ని కూడా జతచేయండి.